నాలుగు కొబ్బరికాయల ప్రారంభం

పనులు వాయిదా వేసేవాణ్ణి సోమరిపోతు అనడం అన్యాయం. సోమరి హాయిగా పడుకుంటాడు. వాయిదావీరుడికి ఆ భాగ్యమూ లేదు. పనీ చేయడు, నిద్రా పోడు. పని తలుచుకోగానే గుండెల్లో గుబులు పుడుతుంది చూడండి, దాన్నుంచి కాసేపు తప్పించుకోవడమే వాయిదా అని సిరోయిస్, పిచిల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2013లో రాశారు. రేపు చేద్దాం అనుకోగానే ప్రాణం తేలికపడుతుంది. ఆ సుఖమే అలవాటైపోతుంది.

ఈ సంగతి కడపవాళ్లకు ఎవరో వచ్చి చెప్పాలా? ఆ సుఖానికి మా జిల్లాలో శాస్త్రోక్తమైన పద్ధతే ఉంది: భూమిపూజ. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో మళ్లీ, 2023లో ఇంకోసారి జరిగింది. నడుమ 2014 విభజన చట్టం, ఇక్కడ ఫ్యాక్టరీ కుదురుతుందో లేదో ఆరు నెలల్లో చూడమని కేంద్రప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కు చెప్పింది. మొదటి కొబ్బరికాయ నాడు పుట్టిన పిల్లలు నాలుగోదాని నాటికి టెన్త్ పరీక్షలకు చదువుకుంటున్నారు. ఎవరినీ తప్పుపట్టడం లేదు. మొదటి అడుగే కష్టమంటారు కదా, అంత కష్టమైన అడుగును నాలుగుసార్లు వేసిన జిల్లా ఇంకోటి చూపించండి.

ఇళ్లలోనూ ఇదే సంప్రదాయం. ఏడురోడ్ల దగ్గర రూములో ఉండి గ్రూప్స్‌కు చదివే ఒక కుర్రాడి నోటుబుక్కు చూశాను. నాలుగు మూలలా పసుపు, పైన 'శ్రీరామ', లోపల మూడు రంగుల స్కెచ్ పెన్నులతో టైమ్‌టేబుల్. తెల్లారి నాలుగుకు లేవడం, నాలుగుంపావుకు పాలిటీ. గళ్లన్నీ స్కేలు పెట్టి గీశాడు. భోజనానికి ఇరవై నిమిషాలే ఇచ్చుకున్నాడు, పాపం. రెండో పేజీ నుంచి అంతా తెలుపే.

"ఏం నాయనా, మొదలుపెట్టినావా?"

"సోమారం నుంచి గట్టిగా కూసుంటాన్నా."

ఏ సోమవారమో అడగలేదు. అడిగితే టెన్షన్ పడతాడు, టెన్షన్ పడితే మళ్లీ వాయిదా.

మందు లేకపోలేదు. ఊరికే 'చదవాలి' అనుకుంటే చాలదు, ఫలానా వేళకు ఫలానా చోట ఫలానా పని అని ముందే ముడివేసుకోవాలని పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు 1999లో చెప్పాడు. పద్ధతి మంచిదే, పనిచేస్తుంది కూడా. చిక్కల్లా ఆయన మన పంచాంగం చూడలేదు. శుక్రవారం పదిన్నరకు అనుకుంటే రాహుకాలం. పన్నెండుకు అది దిగిపోతుంది, కడప ఎండ ఎక్కుతుంది. సాయంత్రం కారందోసె తిన్నాక పాలిటీ తెరవగల మొనగాడు ఎవరు?

కాబట్టి వాయిదాల నిర్మూలనకు జిల్లాస్థాయి కమిటీ ఒకటి వేయాలని ప్రతిపాదిస్తున్నాను. సభ్యత్వానికి దరఖాస్తులు తీసుకుంటాం. ఆఖరు తేదీని ముందుగానే పొడిగించాం.