ఉల్కలు చూడ్డానికి స్టేజీ ఎందుకు?

పోయిన డిసెంబరులో మన సంఘం డబ్బుతో కర్నూలు శివారు స్కూల్లో జరిపిన ‘ఉల్కల రాత్రి’ని ఇక్కడ లైవ్‌లో చాలామందే చూశారు. జ్యోతి ప్రజ్వలన, ఫోకస్ లైట్లు, శాలువాలు. ఎనిమిదింటికి మొదలై పదిన్నరకు వందన సమర్పణ. పిల్లలు ఒక్క ఉల్కనైనా చూడకుండానే ఇంటిదారి పట్టారు. టెలిస్కోపులో శనిగ్రహాన్ని చూసి మురిసిపోయారు, కాదనను. పిలిచింది దానికి కాదు కదా!

డిసెంబరు 14 ప్రాంతంలో రాలే జెమినిడ్లు అనే ఉల్కలు పునర్వసు చుక్కల దగ్గర్నుంచి చిమ్మినట్టు కనిపిస్తాయి. కర్నూల్లో ఆ చుక్కలు తూర్పున తేలేదే రాత్రి ఏడున్నర దాటాక. మన వక్తలు మైకు పట్టుకున్నప్పుడు అవింకా చెట్లకొమ్మల్లోనే ఉన్నాయి. రెండు దాటాక నడినెత్తికి చేరువవుతాయి, ఉల్కలు దండిగా కనబడేది అప్పుడే. ఒక వక్తయితే ఇవి తోకచుక్క ధూళి అన్నారు. జెమినిడ్లు 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం తాలూకువి. ఇక టెలిస్కోపు చూపేది ఆకాశంలో గోరంత ముక్క, ఉల్క ఎటు గీస్తుందో ముందే ఎవరికి తెలుసు?

దీనికి ఆలూరు, పత్తికొండ వైపు శనగచేల నడుమ ఏ పల్లెటూరైనా చాలు. చేలో పడుకోవద్దు, పురుగూ పుట్రా ఉంటాయి, మిద్దె మేలు. నల్లమల అసలే వద్దు, పులుల అడవి. కింద టార్పాలిన్, దానిమీద చాప, మనిషికి రెండు దుప్పట్లు. మూడింటికల్లా మంచుకు పైది తడుస్తుంది, రెండోది అందుకే. వెల్లకిలా పడుకుని, చూపు పునర్వసు మీదే గుచ్చకుండా, చెయ్యి చాచి కొలిస్తే రెండు జానల దూరంలో నిలపాలి. గీతలు పొడుగ్గా సాగేది అక్కడే.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది. ఒక్క వాట్సాప్ మెసేజ్ చూశారా, మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం రెండు పొరలు చుట్టాలి. లెక్కకు పెన్ను పట్టుకుంటే తల దించి రాసేలోపు రెండు జారిపోతాయి. ఎడమ జేబులో శనగలు పోసుకుని, ఉల్క కనబడినప్పుడల్లా ఒక గింజ కుడి జేబులో వేసుకోవాలి. ఎవరి లెక్క వారిదే. పక్కవాడు ‘అదిగో’ అంటే తిరిగి చూసింది లెక్కలోకి రాదు. ‘గంటకు 150’ అన్న మాట పట్టుకుని ఆశపడొద్దు. మచ్చలేని చీకట్లో, పునర్వసు సరిగ్గా నడినెత్తిన ఉన్నట్టు వేసిన లెక్క అది. పిల్లలకోడిలో, అంటే కృత్తికల గుంపులో, ఆరు చుక్కలు విడివిడిగా కనిపిస్తే మీ ఆకాశం బాగున్నట్టే.

అంత తెల్లవారుజామున పిల్లల్ని ఎవరు పంపుతారని కమిటీ పెద్దల మాట. తీసిపారేయదగ్గది కాదు, ఆడపిల్లల తల్లిదండ్రుల భయం నిజమే. అయితే తల్లులనూ పిలవండి. ఇంకో రెండు మూడు రోజుల్లో ధనుర్మాసం రాగానే నాలుగింటికి లేచి, వణుకుతూ స్నానాలు చేసి, గుళ్లో పొంగలికి దొన్నెలు పట్టుకుని నిలబడేది ఈ పిల్లలే.

2026లో డిసెంబరు 9న అమావాస్య. 14, 15 తేదీల్లో నెలవంక అర్ధరాత్రి కాకముందే అస్తమిస్తుంది. స్టేజీకి పెట్టే డబ్బు ఈసారి చాపలకు, దుప్పట్లకు, అల్లం టీకి పెట్టండి. సర్పంచితో మాట్లాడి రెండు నుంచి ఐదింటి దాకా వీధిలైట్లు ఆర్పించండి, గుడి మీది ఫ్లడ్‌లైటుతో సహా. శాలువాలు కప్పి తీరాల్సిందే అంటారా, పొద్దెక్కాక కప్పండి.