సవరణ: సివిల్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తీసుకోవడానికి ఆ సబ్జెక్టులో పీజీ అక్కర్లేదు

బెంగళూరులో సివిల్స్‌కు చదువుతున్న మన తెలుగు పిల్లల కోసం పోయిన వారం రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. సివిల్స్ మెయిన్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌ను ఆప్షనల్‌గా (మనం ఎంచుకునే సబ్జెక్టుగా) తీసుకోవాలంటే అందులో ఎం.ఏ. ఉండాలని రాశాను. అది నిజం కాదు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఏ డిగ్రీ చేసినా సరిపోతుంది, జాబితాలో నచ్చిన ఆప్షనల్ ఎంచుకోవచ్చు. ఆప్షనల్‌కు మొత్తం మార్కులు 250 అని రాసిందీ పొరపాటే. రెండు పేపర్లు, ఒక్కోటి 250, మొత్తం 500.

ఆదివారం మారతహళ్లిలో ఉండే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బీటెక్ చేసింది. "అన్నా, ఉద్యోగం మానేసి ఎం.ఏ.లో చేరదామని రాజీనామా లెటర్ కూడా టైప్ చేసి పెట్టుకున్నా" అంది. నాకు గుండె జారిపోయింది. ఇంకా పంపలేదు, అదొక్కటే ఊరట. నా మాట నమ్మి ఇలాంటి నిర్ణయం తీసుకుంటున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే దయచేసి ఆగండి.

అలాగని ఆ పీజీ వృథా అనడం లేదు. కాలేజీలో ఈ సబ్జెక్టు పాఠం చెప్పాలన్నా, అందుకోసం నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయాలన్నా మామూలుగా అది కావాలి. ప్రభుత్వ విధానాల మీద పనిచేయాలనుకుంటే ఇక్కడి నేషనల్ లా స్కూల్‌లో రెండేళ్ల పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది. లా చదివినవాళ్లకే కాదు, ఏ డిగ్రీ వాళ్లకైనా.

పాత పోస్టు ఫార్వర్డ్ చేసినవాళ్లు ఇదీ పంపండి.