బరువే పరువు

ఈమధ్య వెబ్‌సైట్లు ఒళ్ళు తగ్గించుకోవాలని కొందరు ప్రచారం మొదలుపెట్టారు. బొమ్మలు కుదించాలట, పేజీని ఆడించే జావాస్క్రిప్ట్ కోడ్ తగ్గించాలట, కరెంటు ఆదా అవుతుందట. పరువు గల సంస్థలన్నీ దీన్ని ముక్తకంఠంతో ఖండించాలి.

చరిత్రే చూడండి. 1991లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ అనే పరిశోధన సంస్థ నుంచి జనానికి తెరిచిన మొట్టమొదటి వెబ్‌పేజీలో ఉన్నవి ఉత్త అక్షరాలు, లింకులు. కట్టుబట్టలతో వచ్చింది, పాపం. 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో కంప్యూటర్‌కి మెమరీ అంతా కలిపినా 80 కిలోబైట్లు లేదు. ఇవాళ మామూలు పేజీయే 2 మెగాబైట్లు దాటింది. వాళ్ళు చంద్రుణ్ణి చేరారు, నిజమే. మనం మెనూని ఎడమ నుంచి కుడికి ఎంత సొగసుగా జరుపుతున్నాం!

మొన్న ఒక సంస్థవారి 'పర్యావరణం పట్ల మా నిబద్ధత' అనే పేజీ తెరిచాను. ముందు తెల్లటి తెర. దాని మధ్య గుండ్రంగా ఏదో తిరిగింది. తర్వాత అడవి ప్రత్యక్షమైంది. ఆకులు ఊగుతున్నాయి, వాగు పారుతోంది, ఎవరూ నొక్కకుండానే వీడియో నడుస్తోంది. అడవికి అడ్డంగా కుకీల పెట్టె, దాని నెత్తిన చాట్ పెట్టె. అరచేతిలో ఫోను గోరువెచ్చనైంది. ప్రకృతికి అంత దగ్గరగా నేనెప్పుడూ వెళ్ళలేదు. నిబద్ధత మాత్రం మూడే వాక్యాలు.

అడుగున డైరెక్టరుగారి ఫొటో, బొటనవేలి గోరంత. విడిగా తెరిస్తే వెడల్పు 4000 పిక్సెళ్ళు! మీసంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. కనిపించే కొలతకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికరకం బొమ్మల ఫార్మాట్‌లోకి మారిస్తే కొద్ది కిలోబైట్లతో సరిపోయేది. మరి హోదా మాటేమిటి?

పైగా కిందికి జరిపితే తప్ప కనిపించని బొమ్మల్ని అప్పటిదాకా దించుకోవద్దంటారు. కోడ్‌లో దానికి రాయాల్సిన మాట 'లేజీ'. బద్ధకాన్ని ఇంత బాహాటంగా ప్రోత్సహించే ఉద్యమాన్ని ఏమనాలి? లో-టెక్ మ్యాగజైన్ అనే వెబ్ పత్రికవాళ్ళయితే మరీ బరితెగించారు. 2018 నుంచి ఎండతో నడిచే సర్వర్ మీద సైటు పెట్టారు. బ్యాటరీలో ఎంత మిగిలిందో పేజీలోనే చూపిస్తారు. మబ్బులు వదలకపోతే సైటు మూతపడొచ్చని ముందే చెబుతారు. ఇంటిగుట్టు ఇలా రట్టు చేసుకుంటారా ఎవరైనా?

2024లో ప్రపంచపు కరెంటులో దాదాపు 1.5 శాతం, సైట్ల సర్వర్లుండే డేటాసెంటర్లే వాడాయి. పొదుపు పేరుతో అందులో మన వాటా వదులుకోవడం పిరికితనం.

ఈ వ్యాసం మొత్తం పది కిలోబైట్లు కూడా లేదని తెలిసి తలవంపులుగా ఉంది. వెనకాల ఒక జలపాతం పెట్టించమని కబురు చేశాను.