పొట్టి వింగర్‌కు కావాల్సింది జాలి కాదు, జాగా

రగ్బీ కామెంటేటర్లకు ఒక అలవాటు ఉంది. ఐదడుగుల ఏడంగుళాల ఆటగాడు ట్రై కొడితే (బంతిని ఎదుటి జట్టు గోల్ గీత అవతల నేలకు ఆనించి పాయింట్లు తెస్తే) ‘ఏం గుండె ధైర్యం!’ అని మొదలుపెడతారు. ఆరడుగుల పైబడినవాడు కొడితే మాత్రం అతని వేగం, ఎటునుంచి దూసుకొచ్చాడన్నది మాట్లాడతారు. దక్షిణాఫ్రికా వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) చెస్లిన్ కోల్బీకి ఈ మొదటి రకం పొగడ్తలు బోలెడు. నాకైతే ఇది అసలు సంగతిని పక్కదారి పట్టించే మాటలా అనిపిస్తుంది. పొట్టివాడు బ్యాక్స్‌లో (పరుగెత్తి దాడి చేసే వెనక వరుసలో) రాణించడానికి ధైర్యం కన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: జట్టు అతనికి బంతి ఎక్కడ, ఎప్పుడు అందిస్తోంది?

2019 ప్రపంచకప్ ఫైనల్‌నే తీసుకోండి. యోకొహామాలో ఇంగ్లండ్ మీద 74వ నిమిషం. కుడి టచ్‌లైన్ (పక్క గీత) దగ్గర కోల్బీకి బంతి అందింది. ఎదురుగా ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్. బయటికి వెళ్తున్నట్టు కనిపించి ఒక్కసారిగా లోపలికి తిరిగాడు, ఫారెల్ చేతులకు గాలే మిగిలింది. 32-12తో కప్పు దక్షిణాఫ్రికాది. ఆ ట్రైలో అందరూ చూసేది ఆ మలుపునే. నేను చూసేది ఫారెల్‌కూ అతనికీ మధ్య ఉన్న ఖాళీని. డిఫెండర్ అప్పటికే మీద పడుతుండగా బంతి అంది ఉంటే ఏ సైడ్‌స్టెప్పూ కాపాడేది కాదు.

ఆ ఖాళీ దొరికితే పొట్టి కాళ్ల లాభం నిజంగానే ఉంది. దిశ మార్చాలంటే కాలు నేల మీద ఉండాలి. గాల్లో ఉన్న కాలితో ఎవరూ తిరగలేరు. పొట్టివాడు అడుగులు దగ్గర దగ్గరగా వేస్తాడు కాబట్టి అదే ఐదు మీటర్లలో అతని పాదం ఎక్కువసార్లు నేలను తాకుతుంది, తిరగడానికి అన్నిసార్లు వీలుంటుంది. ఒంటి బరువు కిందుగా ఉండటం వల్ల మలుపులో తూలడు కూడా. అయితే అరవై మీటర్ల పరుగుపందెంగా మారితే సంగతి వేరు, అక్కడ కావాల్సింది ఉత్త వేగం. 400 మీటర్ల ప్రపంచ రికార్డు 43.03 సెకన్లతో వేడ్ వాన్ నీకెర్క్‌ది. అతను కోల్బీకి చుట్టమే. అందరు పొట్టివాళ్లకూ అలాంటి రక్తం ఉండదుగా!

1995 ప్రపంచకప్ సెమీస్‌లో న్యూజీలాండ్ వింగర్ జోనా లోము ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు కొట్టాడు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, అడ్డొచ్చినవాళ్లను తొక్కుకుంటూ పోయాడు. ఇక వింగర్ అంటే ఇలాగే ఉండాలన్న మోజు చాలామంది సెలెక్టర్లకు పట్టుకుంది. పొట్టివాడు కనిపిస్తే స్క్రమ్‌హాఫ్‌కు (గుంపులోంచి బంతి తీసి వెనకవాళ్లకు అందించే స్థానానికి) పంపడం తేలిక. వేల్స్ వింగర్ షేన్ విలియమ్స్ 2003 ప్రపంచకప్ జట్టులోకి వచ్చింది మూడో స్క్రమ్‌హాఫ్‌గా. న్యూజీలాండ్ మ్యాచ్‌లో వింగ్‌లో ఆడించారు. 53-37తో ఓడినా ఆ మ్యాచ్ అతని జీవితాన్ని మార్చేసింది. వేల్స్ తరఫున 87 మ్యాచ్‌లలో 58 ట్రైలు, 2008లో ప్రపంచ ఉత్తమ ఆటగాడి అవార్డు. కోల్బీ కూడా 2017లో ఫ్రాన్స్‌లోని తులూజ్ క్లబ్‌కు వెళ్లాకే, 2018లో, సొంత దేశానికి ఆడగలిగాడు. కింద పడుతూ కూడా బంతిని పక్కవాడికి అందించే ఆట తులూజ్‌ది. అంచుల్లో ఖాళీలు వాటంతట అవే పుడతాయి. అతను అక్కడ వెలగడం నాకేమీ ఆశ్చర్యం కాదు.

డిఫెన్స్ దగ్గరే లెక్క చిక్కుపడుతుంది. వంద కిలోల సెంటర్ (మైదానం మధ్యలో ఆడేవాడు) ఎదురొస్తుంటే ఛాతీకి ఛాతీ పెట్టి ఆపాలనుకోవడం అవివేకం. కబడ్డీలో రైడర్ చీలమండ పట్టినట్టు కాళ్లే పట్టాలి: భుజం అతని తొడకు తగలాలి, చేతులు రెండు కాళ్లనూ చుట్టాలి, తల అతని వెనక వైపు ఉండాలి. తల ముందుకు పడితే మోకాలు నేరుగా కణతకు తగులుతుంది. చిన్నపిల్లలకు అన్నింటికన్నా ముందు నేర్పాల్సింది ఇదే. కానీ కాళ్లు పట్టి పడేస్తే ఎదుటివాడి చేతులు ఖాళీగానే ఉంటాయి. పడుతూనే బంతిని పక్కవాడికి అందించేస్తాడు (ఆఫ్‌లోడ్). పొడుగాటివాడైతే మనిషితో పాటు బంతినీ బంధించగలడు. ఈ నష్టాన్ని ఏ ధైర్యమూ పూడ్చదు. లోపలి నుంచి ఇంకొకడు వచ్చి బంతి మీద పడాలి, అంటే మళ్లీ జట్టు పనే. అందుకే పొట్టివాణ్ని 12వ నంబర్‌లో, అంటే సెంటర్ స్థానంలో, ఆడించడం నాకు నచ్చదు. అక్కడ దెబ్బలు ఎక్కువ, ఖాళీ తక్కువ.

నిబంధనలు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటున్నాయి. ఎదుటివాణ్ని పట్టి ఆపేటప్పుడు తలకు తగిలే ట్యాకిళ్లకు కార్డులు పెరిగాక, పొట్టి రన్నర్‌ను ఆపాలంటే పొడుగాటి డిఫెండర్ బాగా వంగక తప్పడం లేదు. వంగినవాణ్ని తప్పించుకోవడం సులువు. మరోవైపు, హై కిక్ పడేచోట తమ క్యాచర్‌ను కాపాడుతూ అడ్డుగోడలా నిలబడే ఆటగాళ్ల మీద 2024 చివరి నుంచి రిఫరీలు కఠినంగా ఉంటున్నారు. దాంతో బంతి కోసం గాల్లో పోటీ పెరిగింది, పొడుగాటి వింగర్‌కు గిరాకీ పెరిగింది. కోల్బీ ఎగరడంలో టైమింగ్ గొప్పదే, కాదనను. కానీ తనకన్నా అరడుగు పొడుగున్నవాడూ అదే టైమింగ్‌తో ఎగిరితే బంతి ఎవరిదో చెప్పాలా?

2027 ప్రపంచకప్ ఆస్ట్రేలియాలో. అప్పటికి కోల్బీకి 34 దగ్గర పడతాయి. ఇలాంటి ఆటగాణ్ని వింగ్‌లో కన్నా అందరికన్నా వెనక ఉండే ఫుల్‌బ్యాక్‌లో ఆడించడమే మేలని నాకనిపిస్తుంది. వెనక నిలబడితే బంతి గాల్లో ఎటు వస్తోందో ముందే కనిపిస్తుంది, పరుగెత్తుకొచ్చి ఎగరొచ్చు, పట్టాక ఎదురుగా మైదానమంతా ఉంటుంది. అయితే గాల్లో ఒక్క బంతి చేజారినా వెనక ఇంకెవరూ ఉండరు. ఆ రిస్క్‌కు కోచ్ సిద్ధపడాలి.