సవరణ: రాక్ పాటల పోస్టు గురించి

"రాక్ పాటల్ని వాక్యంతో (అంటే బైబిల్ మాటతో) పరీక్షించి వినండి" అని మన చిత్తూరు యూత్ కోసం మొన్న రాశాను. అది చదివి కొందరు తల్లిదండ్రులు గిటార్, డ్రమ్స్ కూడా మానిపించాలేమోనని టెన్షన్ పడుతున్నారు. వాయిద్యాల జోలికి నేను పోలేదు. బైబిల్‌లోని 150వ కీర్తనలోనే తంబుర, తంతివాద్యాలు, తాళాలు ఉన్నాయి కదా! చూడాల్సింది పాటలోని మాటలు.

ఐర్లాండ్ రాక్ బ్యాండ్ యూటూ (U2) 1983లో తెచ్చిన 'వార్' ఆల్బమ్‌లో చివరి పాట 'ఫార్టీ'. దాని మాటలు చాలావరకు 40వ కీర్తన నుంచి వచ్చినవే: ఓపికగా దేవుని కోసం కనిపెట్టుకోవడం, జిగట ఊబిలోంచి ఆయన పైకెత్తడం. అలాగని వాళ్ల పాటలన్నీ ఆరాధనలో పాడమనడం లేదు. మత్తునీ పగనీ గొప్పగా చూపే పాటల విషయంలో మాత్రం మొన్నటి మాటే. పిల్లల ఫోన్ లాక్కోకుండా, పక్కన కూర్చుని లిరిక్స్ చదవండి.