సీటు కింద సొంత రోడ్డు

బండి కొన్న రోజే జీవితకాల పన్ను కట్టాను. ఎవరి జీవితకాలమో రసీదులో రాసి లేదు. బండిదే అనుకున్నాను. నాలుగేళ్లు గోదావరి పాయ వైనతేయ గట్టు మీద తిరిగాక, అది రోడ్డు జీవితకాలమని, మొదటి వానాకాలంతోనే ఆ ఆయుష్షు తీరిపోయిందని తెలిసివచ్చింది. కనుక రెండో విడత కట్టడానికి సిద్ధపడుతున్నాను. ఈసారి డబ్బు ఖజానాకు వెళ్లదు. షాక్ అబ్జార్బర్లు అమ్మే దుకాణానికి వెళుతుంది.

కంపెనీ బిగించి ఇచ్చిన సస్పెన్షన్‌తో సరిపెట్టుకోవాలా, తీయించి మేలైనది వేయించాలా అన్న విషయం మా ఇంట్లో ఆరు నెలలుగా పెళ్లి సంబంధంలా నానుతోంది. చూడవలసినవాళ్లందరూ చూశారు. తలా ఒక వంక పెట్టారు. డబ్బు ఎవరు పెడతారన్న దగ్గర మాత్రం అందరికీ వేరే పని గుర్తుకొచ్చింది.

నిజానికి నేను లోకాచారానికి విరుద్ధంగా ఏమీ చేయడం లేదు. పెరటి వెనక గోదావరి పారుతుండగా మంచినీళ్లు ఇరవై లీటర్ల టిన్నుల్లో కొంటున్నాం. తీగల్లో రావలసిన కరెంటును ఇన్వర్టర్‌లో ఊరవేసుకుంటున్నాం. పిల్లల చదువును పసుపు రంగు బస్సెక్కించి పట్నం పంపేశాం. ఊరికి ఉమ్మడిగా మిగిలిన ఆస్తి రోడ్డొక్కటే. దాన్ని కూడా పంచేసుకుని ఎవరి వాటా వారు సీటు కింద బిగించుకుంటే గొడవ వదిలిపోతుంది. నా వాటాకొచ్చే రోడ్డు పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా మూరెడు ఉంటుందేమో. కానీ నేను ఎక్కడికి వెళితే అక్కడికి వస్తుంది. ఏ శాఖ వేసిన రోడ్డుకైనా ఇంత విధేయత ఉందా?

గట్టు రోడ్డును తిట్టడం నా ఉద్దేశం కాదు. దాని జాతకమే అలాంటిది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల్లో నీళ్లతోపాటు పడవలూ నడిచాయి. లాకులు కట్టింది అందుకే. ధాన్యం బస్తాకు చేరబడి పడవలో పోయే మా ముత్తాతకు నడుము నొప్పి ఉండేదని ఇంట్లో ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. ఏటిగట్టయినా కాలువగట్టయినా పుట్టింది నీళ్లను ఆపడానికి. దాని నెత్తిన తారు పూసి రోడ్డని నామకరణం చేసింది మనం. ఒక పక్క ఏరు, మరో పక్క రొయ్యల చెరువు, నడుమ ఒండ్రు బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇలా ఊపిరి పీల్చి వదిలే నేల మీద తారు నిలవాలని కోరుకోవడం పడుకున్న గేదె వీపు మీద ముగ్గు పెట్టడం లాంటిది.

ఆ ముగ్గు మీదుగా లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. 1950ల చివర్లో అమెరికాలో పనిగట్టుకుని రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి, ఒక లెక్క తేల్చారు: ఇరుసు మీది బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే చేటు దాదాపు 16 రెట్లవుతుంది. ఆ లెక్కన గట్టు పాడవడంలో నా బండి వంతు పెళ్లి భోజనంలో చీమ తిన్నంత. బిల్లు మాత్రం చీమ పేరనే వచ్చింది.

గుంతలకు కూడా గోదావరి మర్యాద ఉందని ఒప్పుకోవాలి. ఒక్క కుదుపుతో పంపించవు. 'అప్పుడే లేస్తారా, ఇంకొక్కటి' అంటూ కొసరి కొసరి వడ్డిస్తాయి. సార్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు కదా, ఆ నాలుగు రోజులూ గుంత ఎక్కడుందో కనపడదు. కనపడని గుంత మనసుకు తగలదు, నడుముకే తగులుతుంది.

సలహాల విషయానికి వస్తే, మా బాబాయి గారు మొదటి నుంచీ వ్యతిరేకి. "మా రోజుల్లో నడుమే సస్పెన్షన్. రాజ్‌దూత్ మీద ఇద్దరు పిల్లలను, మీ పిన్నిని, ఒక గాదె సామానును మోశాను" అన్నారు. ఆయన ఇప్పుడు నడుముకు వెడల్పాటి బెల్టు కట్టుకుని తిరుగుతున్నారు. అంటే చివరికి ఆయన కూడా కంపెనీ సస్పెన్షన్ మీద అదనపు భాగం బిగించుకున్నట్టే. ఆ మాట ఆయనతో అనలేదు. నర్సాపురం వైపు ఉండే మా బావగారు ఇందుకు పూర్తిగా భిన్నం. ఆయన షాకులు మార్పించారు. మార్పించిన దగ్గర నుంచి ఆయనకు ప్రపంచమంతా కుదుపుల్లేకుండా కనిపిస్తోంది. పంటు మీద సఖినేటిపల్లి రేవుకు దాటుతున్నప్పుడు కూడా బండి దిగకుండా "చూశావా, కదలిక తెలియడం లేదు" అన్నారు. ఆ రోజు ఏట్లో అల లేదు.

ఇద్దరినీ పక్కన పెట్టి సొంతంగా శాస్త్రం చదివాను. స్ప్రింగు చేసే పని ఒకటే, కుదుపును మింగి మళ్లీ కక్కడం. ఆ కక్కుడును అదుపు చేసేది షాకు లోపలి నూనె. సన్నటి రంధ్రాల గుండా నూనె దూరేటప్పుడు కుదుపు వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మన ప్రజాధనంతో పోలిస్తే ఇది చాలా పొదుపైన ఏర్పాటు. మామూలు షాకుల్లో నూనె, గాలి ఒకే గొట్టంలో ఉమ్మడి కాపురం చేస్తాయి. ఎడతెరిపి లేకుండా గుంతలు తగిలితే రెండూ కలిసి కవ్వం పెట్టిన మజ్జిగలా నురగలెత్తుతాయి. నురగకు పట్టు ఉండదు. ఖరీదైన షాకుల్లో నైట్రోజన్‌ను విడిగా ఒక గదిలో వేరు కాపురం పెట్టిస్తారు. అప్పటి నుంచి ఇల్లు ప్రశాంతం. ఇంత చిన్న సంగతి మన ఉమ్మడి కుటుంబాలకు ఎవరూ చెప్పకపోవడం విచారకరం.

ఇక తిరిగి లేవడం. అణిగిన స్ప్రింగు మరీ తొందరగా లేస్తే బండి గంగిరెద్దులా తలాడిస్తుంది. మరీ నిదానంగా లేస్తే ఇంకా పెద్ద చిక్కు: మొదటి గుంత నుంచి కోలుకోకముందే రెండోది వస్తుంది, దాని నుంచి తేరుకోకముందే మూడోది. అలా అణిగి అణిగి చివరికి మిగిలిన జాగా ఏమీ ఉండదు. సార్వా అప్పు తీరకుండా దాళ్వాకు అప్పు చేసే కౌలు రైతుకు ఈ భాగం విడమరచి చెప్పనక్కరలేదు.

ధర దగ్గరకు వచ్చేసరికి శాస్త్రం ఆగింది. 1976లో స్వీడన్‌లో మొదలైన ఓలిన్స్ కంపెనీ వారివి బంగారు రంగులో ఉంటాయి. మట్టిదారుల్లో మోటోక్రాస్ పందేలాడే బండ్ల కోసం పుట్టిన సరుకు. పందెం అరగంటలో అయిపోతుంది. నేను రోజూ ఆఫీసుకు వెళ్లాలి. కాబట్టి అర్హత నాకే ఎక్కువ. 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్న సామెత వీటికి వర్తిస్తుందా అని ఇంట్లో అడిగాను. పులస కూడా సముద్రం నుంచే ఏటికి ఎదురీది వస్తుంది, ఇవీ సముద్రాలు దాటే వస్తాయి కదా అని వాదించాను. మా ఆవిడ పుస్తెలను కొంగు చాటుకు సర్దుకుని, "పులసైతే అందరం తింటామండీ" అంది. ఆరు నెలల చర్చలో ఇంత పదునైన ఆర్థిక విశ్లేషణ మరొకటి రాలేదు.

అయినా వెనక్కి తగ్గలేదు. కొనే ముందు ఉన్నదాన్ని కొలవాలని చదివాను. మనిషి ఎక్కినప్పుడు బండి ఎంత కిందికి దిగుతుందో దాన్ని సాగ్ అంటారు. వెనక చక్రం మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా దిగితే మంచిదట. నా బండికి కదలిక 90 మిల్లీమీటర్లు. అంటే 23 నుంచి 30 దాకా దిగాలి. ఈ కొలతకు ముగ్గురు కావాలి: ఎక్కి కూర్చునేవాడు ఒకడు, బండి పట్టుకునేవాడు ఒకడు, టేపు పట్టేవాళ్లు ఒకరు. ఆదివారం ఉదయం అరుగు ముందు ఏర్పాటు చేశాను. మా అబ్బాయి హ్యాండిలు పట్టుకున్నాడు. మా ఆవిడ దర్జీ టేపుతో ఇరుసు దగ్గర కూర్చుంది. దారిన పోయే పెద్దాయన ఒకరు ఆగి, "బండికి కూడా కొలతలిచ్చి కుట్టిస్తున్నారా బాబూ?" అని అడిగి, జవాబు కోసం పది నిమిషాలు నిలబడ్డారు.

నేను కూర్చుంటే 14 వచ్చింది. అన్యాయమైన అంకె. స్ప్రింగు రాయి అని రుజువైంది, కంపెనీ దోషం బయటపడింది. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. పరిశోధకుడికి తృప్తి ఉండకూడదని మా ఆవిడను కూడా వెనక ఎక్కమన్నాను. 27 వచ్చింది. "నీ వల్ల 13" అని పుస్తకంలో రాసుకుంటూ పైకే అన్నాను. ఆమె దిగి, టేపు చుట్టి, మర్నాడు బస్సులో పుట్టింటికి వెళ్లింది. బస్సు ఎంత కుదిపినా ఎవరి బరువూ చదవదని చెప్పి మరీ వెళ్లింది.

ఒంటరితనంలో మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఈయన మా ఊరి సెంటర్లో చింతచెట్టు కింద ముప్పయి ఏళ్లుగా ఉన్నారు. నేను నైట్రోజన్ గురించి చెబుతుంటే వింటూనే వెనక చక్రం బొటనవేలితో నొక్కి చూశారు.

"గాలి ఎక్కడ కొట్టించారండీ?"

"బంకులో."

"ఎంత కొట్టమన్నారు?"

"గట్టిగా కొట్టమన్నాను."

గేజి పెట్టి చూస్తే 46. బండితో ఇచ్చిన పుస్తకంలో 32 అని ఉంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పింది ఆ రోజే. తర్వాత ఆయన షాకుల కింద ఉండే రింగు చూపించి, "ఇది ఆరో మెట్టు మీద ఎందుకుందండీ?" అన్నారు. ఉన్నవే ఆరు మెట్లు. రెండేళ్ల కిందట సంక్రాంతికి రెండు బస్తాల కొబ్బరికాయలు వేసుకుని మా అత్తవారి ఊరికి వెళ్లినప్పుడు తిప్పించాను. కోనసీమ నుంచి కోనసీమకే కొబ్బరికాయలు ఎందుకు మోశానన్నది వేరే వ్యాసం.

నేను అనుకున్నట్టు ఆ రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడదట. స్ప్రింగు గుణం మారదు. బండి నిలబడే ఎత్తు మారుతుంది. ఎత్తున నిలబడిన బండికి గుంత వస్తే చక్రం కిందికి దిగడానికి జాగా ఉండదు, చిన్న చిన్న కుదుపులకు స్ప్రింగు కదలనే కదలదు. అది కుదుపులన్నీ నా నడుముకు అప్పగించి రెండేళ్లుగా హాయిగా నిలబడి ఉంది. మెకానిక్ గారు స్పానర్ తగిలించి రెండో మెట్టుకు దించారు, గాలి తీశారు, ముందు ఫోర్కుల్లో నాలుగేళ్ల నాటి నూనె బురదలా కారితే కొత్తది పోశారు. షాకులు బాగానే ఉన్నాయన్నారు. తీసుకున్నది నూనె డబ్బులు, ఒక గంట కూలి.

తిరిగి వస్తుంటే గట్టు మెత్తగా తగిలింది. ఇంతకు మించిన అవమానం నాకు జరగలేదు. ఆరు నెలల అధ్యయనం, ఒక భార్య అలక, స్వీడన్ దాకా వెళ్లిన ఊహ, ఇవన్నీ ఒక రింగు తిప్పితే పోయాయి. కొనడానికి ఉన్న కారణమంతా చింతచెట్టు కింద ఒలికిపోయింది. సాగ్ కొలిస్తే 25. ఈసారి ఒక్కడినే కొలుచుకున్నాను. గోడకు ఆనుకుని కూర్చుని, ఇరుసుకు తాడు కట్టి, అద్దంలో చూసి. ఎంత సరిగ్గా వచ్చిందో చెప్పను.

నిరాశలో ఉండగా గట్టుకు మహర్దశ పట్టింది. ఒక పెద్దమనిషి ఆ దారిన వస్తారని తెలిసింది. మూడు రాత్రుల్లో రెండు కిలోమీటర్ల రోడ్డు వేశారు. నల్లగా, నున్నగా, అరిటాకు మీద పాలు పోస్తే జారిపోయేంత చక్కగా. పెద్దమనిషి వేరే దారిన వెళ్లారు. రోడ్డు మిగిలింది. మా ఊరి చరిత్రలో ఎవరైనా రాకపోవడం వల్ల జరిగిన మేలు ఇదొక్కటే.

నున్నటి రోడ్డు మీద కుర్రవాళ్లు వేగం పెంచారు. వారం తిరగకుండా ఎవరి గుమ్మం ముందు వారు స్పీడ్ బ్రేకర్ వేసుకున్నారు. వాళ్లనూ తప్పు పట్టలేం, పిల్లలున్న ఇళ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే వీటికి కొలతలిచ్చింది: పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో దాటేలా నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగే వంపు. మా వాళ్లు ఎత్తు విషయంలో ఉదారంగా ఉండి, వెడల్పు దగ్గర సిమెంటు ఆదా చేశారు. అడ్డంగా పాతిపెట్టిన కొబ్బరి మొద్దు మీద గచ్చు చేసినట్టుంటాయి. రెండు కిలోమీటర్లలో పదకొండు లెక్కపెట్టాను.

గుంతకైతే పక్కన కాస్త దారి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ ఏటి నుంచి చెరువు దాకా ఉంటుంది. పుట్టింటి నుంచి మా ఆవిడను తీసుకొస్తూ మూడోదాని దగ్గర, రెండో మెట్టు మీద ఉన్న నా షాకులు అడుగంటా అణిగి ఠంగుమన్నాయి. వెనక నుంచి ఒక్క మాట రాలేదు. ఆ మౌనాన్ని కొలిచే టేపు నా దగ్గర లేదు.

ఇంటికి రాగానే దుకాణానికి ఫోన్ చేశాను. అవతలాయన నన్ను గుర్తుపట్టి, "ఆరు నెలలుగా ఆలోచిస్తున్నారు కదండీ, ఏమైందండీ, రోడ్డు మరీ పాడైపోయిందా?" అని సానుభూతిగా అడిగారు.

"లేదండీ, బాగుచేశారు. ఇక తప్పదు, ఒక జత పంపించండి" అన్నాను.