ఒక్క అండర్‌స్కోర్, రెండొందల ఫైళ్లు

"స్క్రిప్ట్‌లో ఫైలు పేరు తయారు చేయడమంటే రెండు స్ట్రింగులు, అంటే అక్షరాల ముక్కలు, అతికించడమేగా, దానికింత హడావుడా?" అన్నాడు మొన్న ఒకాయన. అక్కడ నవ్వి ఊరుకున్నాను. ఇక్కడ కక్కేస్తున్నాను.

ఒకసారి బాష్‌లో, అంటే లినక్స్‌లో కమాండ్లు రాసే భాషలో, చిన్న లూప్ రాశాను. రెండొందల పైచిలుకు ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి మార్చాలి, ఒక్కోదానికి పాత పేరు, అండర్‌స్కోర్, తేదీ కలిపి కొత్త పేరు పెట్టాలి. డాలర్ నేమ్, అండర్‌స్కోర్, డాలర్ డేట్ అని ($name_$date) వరసగా రాసేశాను. నేమ్, డేట్ అనేవి వేరియబుళ్లు, అంటే విలువలు దాచుకునే పేర్లు; ముందు డాలర్ పెడితే ఆ విలువ వస్తుంది. రెండు సెకన్లలో పని అయిపోయింది, ఒక్క ఎర్రర్ కూడా లేదు. తీరా చూస్తే కొత్త ఫోల్డర్‌లో ఒకే ఒక్క ఫైలు. దాని పేరు ఉత్త తేదీ!

వేరియబుల్ పేరులో అండర్‌స్కోర్ కూడా చెల్లుతుంది కదా, బాష్ దాన్ని కూడా పేరులో కలిపి చదివేసుకుంది. అలాంటి వేరియబుల్ లేదు. లేకపోతే లేదని చెప్పొచ్చుగా? చెప్పదు, ఆ చోట ఖాళీ పెడుతుంది. దాంతో అన్నిటికీ ఒకే పేరు వచ్చింది, ఒకదాని మీద ఒకటి పడి ఆఖరిది మిగిలింది. నేను వాడింది కాపీ కాదు, ఎంవీ, అంటే ఫైలునే అక్కడికి మార్చేసే కమాండ్. అసలువీ పోయాయి. నేమ్ చుట్టూ కర్లీ బ్రాకెట్లు పెట్టి ఉంటే ఈ గొడవే లేదు. స్క్రిప్ట్ మొదట్లో సెట్ మైనస్ యు (లేని వేరియబుల్ కనిపిస్తే ఆగిపొమ్మని) అని రాసి ఉన్నా అక్కడే ఆగిపోయేది.

నా కోపమంతా ఈ మౌనం మీదే. పైథాన్‌లో స్ట్రింగుకి అంకె కలపబోతే టైప్‌ఎర్రర్ అని మొహాన కొడుతుంది. ఒకప్పుడు విసుక్కునేవాణ్ణి, ఇప్పుడు దండం పెడుతున్నాను. జావాస్క్రిప్ట్ అయితే "1"కి 1 కలిపి 11 అని చేతిలో పెడుతుంది. పైథాన్ కూడా పూర్తిగా బుద్ధిమంతురాలేం కాదు. ఫోల్డర్, ఫైలు పేర్లను కలిపే ఓఎస్ పాత్ జాయిన్‌కి ఇచ్చే రెండో ముక్క స్లాష్‌తో మొదలైతే, లినక్స్‌లో మొదటి ముక్కను కిక్కురుమనకుండా పారేస్తుంది. పైథాన్ 3.4 నుంచి, అంటే 2014 నుంచి, ఇదే పనికి పాత్‌లిబ్ అనే లైబ్రరీ ఉంది. అయినా ఇంకా ప్లస్ గుర్తుతో స్లాష్‌లు అతికించేవాళ్లను చూస్తే జాలేస్తుంది. (పాత్‌లిబ్‌లోనూ ఆ స్లాష్ బుద్ధి పోలేదు, అది వేరే ఏడుపు.)

పేరులో 10:30 అని టైమ్ పెడితే విండోస్ ఒప్పుకోదు. సున్నాలు ముందు పెట్టకపోతే అక్షర క్రమంలో 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది. తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఇంకో తిరకాసు: లినక్స్ డిస్కుల్లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో పేరుకి హద్దు 255 బైట్లు, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో 'స్త్రీ' ఒక్కటే 18 బైట్లు తినేస్తుంది.

ఇప్పుడు ఎంత చిన్న లూప్ అయినా ముందు ఎంవీ స్థానంలో ఎకో పెట్టి, తయారైన పేర్లన్నీ తెర మీద చదువుకుంటున్నాను. చాదస్తం అంటారా? అనుకోండి.